ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న కుక్కకు ఎముక మజ్జ పరీక్ష చేయించవచ్చా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. ఆరేళ్ల మగ లాబ్రడార్. కొన్ని వారాలుగా నీరసం, చిగుళ్లు పాలిపోయాయి, మధ్యమధ్య జ్వరం. రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) 17 శాతం, తెల్లకణాలు మైక్రోలీటరుకు 2,800, ప్లేట్‌లెట్లు 38,000. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా అనుకుని మూడు వారాలు డాక్సీసైక్లిన్ వాడారు, అంకెలు కదల్లేదు. ఇప్పుడు డాక్టరుగారు ఎముక మజ్జ తీసి చూడాలంటున్నారు. మీరు అడిగినవి మూడు. ఇది నిజంగా అవసరమా, రక్తపరీక్షతో తేలదా? ప్లేట్‌లెట్లు ఇంత తక్కువున్నప్పుడు ఎముకలోకి సూది దింపితే రక్తం ఆగుతుందా? ఇంతా చేశాక ఒరిగేదేమిటి?

సూటిగా చెబుతాను. అవసరమే, చేయించండి. మూడు రకాల కణాలూ కలిసి పడిపోయి, కారణం దొరక్క, మందుకు కదలిక లేనప్పుడు మజ్జ చూడకుండా చేసే వైద్యమంతా ఊహ మీద నడిచేదే. ప్లేట్‌లెట్లు తక్కువన్నది ఈ పరీక్ష ఆపడానికి కారణం కాదు. అయితే సూది పట్టుకునేముందు రెండు చిన్న పనులు జరిగాయో లేదో కనుక్కోండి. ఒకటి, బ్లడ్ స్మియర్‌ను (స్లైడు మీద పలచగా పరిచిన రక్తపుచుక్కను) ఎవరైనా మైక్రోస్కోపులో స్వయంగా చూశారా? రెండు, రెటిక్యులోసైట్లు లెక్కించారా? ఇంకొక మాట: స్టెరాయిడ్లు ఇంకా మొదలుపెట్టకపోతే, ప్రాణం మీదికి వస్తే తప్ప, మజ్జ తీసేదాకా ఆపగలరేమో మీ డాక్టరుగారిని అడగండి. ఎందుకో కింద చెబుతాను.

నేను జంతువుల రక్తం, మజ్జ స్లైడ్లు చదివే పనిలో ఉన్నాను. అంతకుముందు చాలాకాలం సూది పట్టినవాణ్ణే. కాబట్టి రెండు వైపుల నుంచీ మాట్లాడగలను.

రక్తంలో తిరిగే కణాలు పొలంలో పైరు అనుకుంటే, మజ్జ నారుమడి. పైరు పలచబడితే నారు అందలేదా, నాటినదాన్ని ఏదో తినేస్తోందా అన్నది గట్టు మీద నిలబడే చెప్పగలిగిన సందర్భాలున్నాయి, చెప్పలేనివీ ఉన్నాయి. కుక్కలో ఎర్రకణం వంద రోజులకు పైగా బతుకుతుంది, పిల్లిలో సుమారు 70 రోజులు. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం పది రోజులు. న్యూట్రోఫిల్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణం) రక్తంలో ఉండేది కొన్ని గంటలే. మజ్జ ఈరోజు పని మానేస్తే ముందు న్యూట్రోఫిల్స్ పడతాయి, వాటి వెనకాలే ప్లేట్‌లెట్లు, చివర్న నెమ్మదిగా ఎర్రకణాలు. అంటే మీ కుక్క పీసీవీ 17కు దిగిందంటే, లోపల ఎక్కడా రక్తం పోకపోతే, ఇది నిన్నమొన్న మొదలైన జబ్బు కాదు. మలం నల్లగా తారులా వస్తోందా అని డాక్టరుగారు అడిగి ఉంటారు, అడగకపోతే మీరే చెప్పండి. ప్లేట్‌లెట్లు తగ్గిన కుక్కకు పేగుల్లో రక్తం పోతూ ఉంటే పీసీవీ వేగంగా పడుతుంది, అప్పుడు లెక్క మారిపోతుంది.

రెటిక్యులోసైట్లంటే మజ్జ నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్ల ఎర్రకణాలు. రక్తహీనత ఉన్న కుక్కలో ఇవి మైక్రోలీటరుకు సుమారు 60,000 దాటితే మజ్జ స్పందిస్తోందని అర్థం. పీసీవీ 17 ఉన్న కుక్కలో ఇంకా చాలా ఎక్కువే ఉండాలి. ఈ స్పందన కనబడటానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది కాబట్టి మొదటి రోజు లెక్క చూసి కంగారు పడక్కర్లేదు. మీకు వారాలు గడిచాయి. ఇప్పుడు కూడా రెటిక్యులోసైట్లు లేవంటే లోపం పుట్టే చోటే ఉంది. ఒకవేళ బాగా ఎక్కువగా ఉన్నాయంటే మజ్జ తీయడం అప్పటికి ఆపి, కణాలు ఎక్కడ నాశనమవుతున్నాయో, ఎక్కడ కారిపోతున్నాయో వెతకాలి.

స్మియర్ సంగతి ఎందుకింత పట్టి చెబుతున్నానంటే, యంత్రం కణాన్ని చూడదు, పరిమాణం లెక్కపెడుతుంది. మజ్జ తీయడానికి పంపిన ఒక పిల్లి గుర్తుంది. ప్లేట్‌లెట్లు 12,000 అని రిపోర్టు. స్మియర్ అంచున చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. యంత్రం ఒక్కో గుంపును ఒక్కో తెల్లకణంగా లెక్కేసింది. పిల్లికి జబ్బే లేదు, ఇంటికి పంపేశాం. పిల్లుల్లో ఇది రోజువారీ వ్యవహారం. కుక్కల్లో కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ జాతికి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు తక్కువ, ఉన్నవి పెద్దవి, ఏ జబ్బూ ఉండదు. గ్రేహౌండ్లకు కూడా ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువే, పీసీవీ మాత్రం మిగతా కుక్కలకంటే ఎక్కువ. మీది లాబ్రడార్, పైగా మూడు వరసలూ, అంటే మూడు రకాల కణాలూ, పడ్డాయి కాబట్టి ఇదంతా యంత్రం తప్పు అయ్యే అవకాశం తక్కువ. అయినా స్మియర్‌లో ఇంకా కనబడేవి ఉన్నాయి. బ్లాస్ట్ కణాలు, అంటే ఇంకా ఎదగని తొలిదశ కణాలు, రక్తంలోనే కనబడితే లుకేమియా అనుమానం అక్కడే బలపడుతుంది. గోళాకారంలో చిన్నవైపోయిన ఎర్రకణాలు, అంటే స్పెరోసైట్లు, కనబడితే శరీరం తన కణాల మీద తానే దాడి చేస్తోందని సూచన.

మజ్జ అక్కర్లేని సందర్భాలు కూడా చెప్పాలి. కుక్కకు ప్లేట్‌లెట్లు ఒక్కటే బాగా పడిపోయి మిగతావి మామూలుగా ఉంటే మొదటి రోజే మజ్జ తీయను. చాలావాటిలో ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు దండిగా కనబడతాయి, వైద్యం మారదు. కిడ్నీ జబ్బు ముదిరిన పిల్లికి రక్తహీనత ఉంటే కారణం కిడ్నీలోనే ఉంది, ఎర్రకణాలు పుట్టించమని మజ్జకు చెప్పే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను చాలడం లేదు. ఎర్రకణాలు చిన్నవై, పాలిపోయి, ప్లేట్‌లెట్లు పెరిగి ఉంటే ఇనుము తగ్గిందేమో, పేగు పురుగులో, గోమార్లో, పుండో రక్తం తాగేస్తున్నాయేమో ముందు చూడాలి.

ఇక మీ భయం. ప్లేట్‌లెట్లు 38,000 కాదు, 10,000 లోపు ఉన్న కుక్కలకు కూడా ఈ పరీక్ష చేస్తాం. ఎముక గట్టి గూడు లాంటిది, సూది తీశాక బయట కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు. చిన్నగా కమిలిపోవడం తప్ప పెద్ద రక్తస్రావం అరుదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది రక్తం గడ్డకట్టే కారకాల లోపం ఉన్నప్పుడు, ఎలకల మందు తిన్నప్పుడు, హీమోఫిలియా ఉన్నప్పుడు. మీ కుక్క ఎలకల మందు తినే వీలు ఏమాత్రం ఉన్నా చెప్పండి. గడ్డకట్టే సమయం ముందే చూసుకుంటారు. నా దృష్టిలో మీ కుక్కకు సూదికంటే మత్తే ఎక్కువ జాగ్రత్త అవసరమైన సంగతి. 17 శాతం పీసీవీ మీద మత్తు ఇచ్చేముందు రక్తం ఎక్కించాలా అని ఆలోచిస్తారు. ఎక్కిస్తే ముందు గ్రూపు చూసి, డీఈఏ 1 (కుక్కల్లో ముఖ్యమైన రక్తగ్రూపు) సరిపోయే రక్తం ఎంచుకోవడం మంచిది. రక్తం ఎక్కించేముందే సీబీసీకి (అన్ని రక్తకణాల లెక్కకు), మిగతా పరీక్షలకు నమూనా తీసి పెట్టమనండి, తర్వాత తీస్తే దాతగారి కణాలు కూడా లెక్కలోకి వస్తాయి.

నొప్పి ఉండదని చెప్పను. ఎముక పైపొరకు మత్తు ఇంజెక్షన్ సరిగా ఇస్తే సూది దిగేటప్పుడు పెద్దగా తెలియదు, మజ్జను సిరంజిలోకి లాగే క్షణం మాత్రం నొస్తుంది. అందుకే స్థానిక మత్తుతోపాటు నిద్రమత్తు కూడా ఇస్తారు. ఎక్కువగా వాడేది భుజం దగ్గర హ్యూమరస్ ఎముక పైభాగం. లావుగా ఉన్న లాబ్రడార్లకు అది సుఖం, కొవ్వు అడ్డురాదు. కటి ఎముక అంచు, తొడ ఎముక పైనున్న గుంట కూడా వాడతారు. చాలా కుక్కలు ఆ సాయంత్రమే మామూలుగా నడుస్తాయి.

ఒకసారి మత్తిచ్చాక రెండూ తీయించండి: సూదితో లాగే ద్రవం, కోర్ అనే చిన్న ఎముక ముక్క. ద్రవంలో ఒక్కో కణం ముఖం స్పష్టంగా కనబడుతుంది, అవి ఏ దశలో ఉన్నాయో తెలుస్తుంది. ముక్కలో మజ్జ ఎంత నిండి ఉంది, ఎంత కొవ్వుగా మారింది, నారలా గట్టిపడిందా, ఎక్కడైనా చచ్చుబడిందా అన్నది తెలుస్తుంది. మూడు వరసలూ పడిన కుక్కలో సిరంజిలోకి ఏమీ రాకపోవడం తరచూ జరుగుతుంది. మజ్జ నిజంగా ఖాళీయా, నారతో బిగిసిపోయిందా, కణాలతో కిక్కిరిసి కదలడం లేదా, సూదే సరైన చోట లేదా? ముక్క లేకుండా దీనికి జవాబు రాదు.

సిరంజిలోకి అర మిల్లీలీటరు వచ్చాక ఆపాలి. ఇంకా లాగితే వచ్చేది రక్తమే. స్లైడు మీద పోస్తే మెరిసే చిన్న పలుకులు కనబడాలి, అవే అసలు మజ్జ. అవి లేని స్లైడు నాకు పంపితే నేను చదివేది రక్తాన్నే. స్లైడ్లు అక్కడే వెంటనే చేసి ఆరబెట్టాలి. ఇంకో చిన్న పని, చాలాచోట్ల పట్టించుకోరు: ముక్కను ఫార్మాలిన్‌లో వేసిన సీసాను, ఆరిన స్లైడ్లను ఒకే కవర్లో పెట్టి పంపకూడదు. ఫార్మాలిన్ ఆవిరి తగిలితే రంగు సరిగా పట్టదు, కణాలన్నీ నీలంగా మసకబారిపోతాయి. అంత కష్టపడి తీసింది ఒక మూతలేని సీసావల్ల పాడైపోతుంది. కోపం వచ్చే సంగతే ఇది.

మజ్జ తీసిన రోజే సీబీసీ కూడా తీయాలి. పాత సీబీసీతో మజ్జను చదవలేం. తెల్లకణాల వరసకు, ఎర్రకణాల వరసకు మధ్య నిష్పత్తి ఒకటి చూస్తాం. మామూలు కుక్కల్లో ఇది సుమారు 0.75 నుంచి 2.5 మధ్య ఉంటుంది. ఉదాహరణకు అది 5 వచ్చిందనుకోండి. తెల్లకణాల వరస పెరిగిందా, ఎర్రకణాల వరస కుంగిందా? ఆరోజు రక్తంలో ఏముందో తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఇంకా మెగాకేరియోసైట్లు (ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు) ఉన్నాయా, పిల్లకణాలు వరసగా ఎదుగుతున్నాయా లేక ఒక మెట్టు దగ్గర ఆగాయా, ఇనుము నిల్వలున్నాయా, అక్కడ ఉండకూడని కణాలేమైనా చేరాయా చూస్తాం. కుక్క మజ్జలో ఇనుము మామూలుగా కనబడుతుంది, పిల్లి మజ్జలో ఆరోగ్యంగా ఉన్నా కనబడదు. పిల్లికి ఇనుము లేదని రిపోర్టు రాస్తే దాన్ని పట్టుకుని మందు వాడకండి.

మీ కుక్కలో ఏం తేలవచ్చు? నేను మనసులో పెట్టుకునేవి చెబుతాను.

ఎర్లీషియా కేనిస్ ముదిరిన దశ మొదటిది. 1935లో అల్జీరియాలో మొదటిసారి వర్ణించిన ఈ జబ్బు వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనిక కుక్కలను, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లను, పెద్ద సంఖ్యలో బలితీసుకుంది. మొదటి దశలో డాక్సీసైక్లిన్‌కు కొన్ని రోజుల్లోనే కుక్క తేరుకుంటుంది. మజ్జ ఖాళీ అయిపోయిన దశలో క్రిమిని చంపినా మజ్జ తిరిగి నిండకపోవచ్చు. అందుకే మందుకు కదలిక లేదన్న ఒక్క కారణంతో ఎర్లీషియా కాదని కొట్టిపారేయలేం. యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినా అదే కారణమని రుజువు కాదు, జబ్బు తగ్గిన చాలాకాలం దాకా అది పాజిటివ్‌గానే ఉంటుంది. ఈ జబ్బుకు మామూలుగా డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు ఇస్తారు. మీ వారం బాకీని డాక్టరుగారు వద్దనకపోతే పూర్తిచేయండి. దానికోసం మజ్జ పరీక్షను మాత్రం వాయిదా వేయకండి.

రెండోది ఎవరూ అడగని ప్రశ్న. వృషణాలు రెండూ సంచిలో ఉన్నాయా? మగకుక్క అన్నారు, ఆపరేషన్ చేయించారో లేదో రాయలేదు. కడుపులోనే ఉండిపోయిన వృషణంలో సెర్టోలీ కణాల కంతి పుడితే అది ఈస్ట్రోజన్ వదులుతుంది, అది మజ్జను ఎండగట్టేస్తుంది. మొదట ప్లేట్‌లెట్లు తగ్గి తెల్లకణాలు పెరుగుతాయి, కొన్ని వారాల్లో అన్నీ పడిపోతాయి. చనుమొనలు పెద్దవవడం, రెండు వైపులా సమానంగా జుట్టు రాలడం, ఇతర మగకుక్కలు వెంటపడటం వంటివి కనబడవచ్చు. ఇలాంటి ఒక కుక్కను నాలుగు చోట్ల తిప్పాక నా దగ్గరికి మజ్జ వచ్చింది. దాదాపు అంతా కొవ్వే. నేను ఫోన్ చేసి అడిగింది వృషణాల గురించే, ఒకటి కనబడటం లేదన్నారు. అల్ట్రాసౌండ్‌లో కంతి దొరికింది, తీసేశారు. ఆ కుక్క బతికింది, కానీ అంకెలు కోలుకోవడానికి నెలలు పట్టింది. అన్నీ అలా కోలుకోవు. ఆడకుక్కలకు పొరపాటున జతకట్టినప్పుడు ఇచ్చే ఈస్ట్రోజన్ ఇంజెక్షన్లూ ఇదే పని చేస్తాయి. జత కలవక ఎదలోనే ఉండిపోయిన ఆడ ఫెరెట్లూ (ముంగిసలాంటి పెంపుడు జంతువులు) ఇలాగే చనిపోతాయి.

మందులు మూడోది. గత రెండు మూడు నెలల్లో వాడినవన్నీ రాసి ఇవ్వండి. ఫినైల్‌బ్యూటజోన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా, ఆల్బెండజోల్, క్యాన్సర్ మందులు మజ్జను దెబ్బతీసేవే.

తర్వాత లుకేమియా, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్). మజ్జలో బ్లాస్ట్‌లు 20 శాతం దాటితే తీవ్ర లుకేమియా అంటాం. ఏ వరసకు చెందినవో కంటితో చెప్పడం కష్టం, కణాల మీది గుర్తులను చూసి వేరుచేసే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష కావాలి. స్టెరాయిడ్ ఆపమన్నది ఇందుకే. లింఫాయిడ్ క్యాన్సర్ కణాలు ప్రెడ్నిసోలోన్‌కు కొన్ని రోజుల్లో కరిగిపోవచ్చు. కుక్క కొద్దిగా తేరుకుంటుంది, మజ్జలో రుజువు చెరిగిపోతుంది, జబ్బు మాత్రం మందుకు లొంగకుండా తిరిగివస్తుంది.

చివరిది, నాకు ఇష్టమైన జవాబు: రోగనిరోధక వ్యవస్థ మజ్జలోని పిల్ల ఎర్రకణాలనే తినేయడం. పేరు పీఐఎంఏ. రక్తంలో ఏ గుర్తూ ఉండకపోవచ్చు. మజ్జలో మాత్రం మాక్రోఫేజ్‌లు (కణాలను మింగే తెల్లకణాలు) పిల్ల ఎర్రకణాలను మింగుతూ పట్టుబడతాయి. స్టెరాయిడ్, దానికి తోడు రోగనిరోధక వ్యవస్థను అణిచే ఇంకో మందు ఇస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. కానీ రెటిక్యులోసైట్లు కనబడటానికే వారాలు పడుతుంది, కొన్నిటికి రెండు నెలలు దాటుతుంది. పది రోజుల్లో మార్పు లేదని మందు మానేసిన కేసులు చూశాను. మజ్జ పరీక్షతో ఒరిగేదేమిటన్నారు కదా, ఇదొకటి: ఎంతకాలం ఓపిక పట్టాలో అది చెబుతుంది. మీ కుక్కలో మూడూ పడ్డాయి కాబట్టి ఇది ఒక్కటే అవడం కొంచెం అరుదు, కానీ జాబితాలోంచి తీసేయను.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. దెబ్బతిన్న మజ్జ కోలుకోవడం మొదలుపెట్టినప్పుడు ముందు పుట్టేవి పిల్లకణాలే, పెద్దవి ఇంకా రావు. పార్వో వైరస్ జబ్బు నుంచి తేరుకుంటున్న ఒక కుక్కపిల్ల మజ్జ అచ్చం లుకేమియాలా ఉండింది. జబ్బు చరిత్ర రాయకుండా పంపి ఉంటే అలాగే రాసేవాణ్ణేమో. మూడు నాలుగు రోజులాగి మళ్లీ సీబీసీ చూడమన్నాను, తెల్లకణాలు పొంగుకొచ్చాయి. కాబట్టి ల్యాబ్ ఫారంలో వయసు, మందులు, జబ్బు ఎన్నాళ్లుగా ఉంది, ఈమధ్య ఏం తగిలింది అన్నీ రాయించండి. "రక్తహీనత, కారణం చెప్పండి" అని ఒక్క ముక్క రాసి పంపిన ఫారానికి వచ్చే జవాబు కూడా ఒక్క ముక్కే.

ఇతర జంతువులవారు కూడా అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. పిల్లిలో కారణం తెలియని రక్తహీనత ఉంటే మజ్జకు ముందు ఎఫ్ఈఎల్‌వీ (పిల్లుల లుకేమియా వైరస్), ఎఫ్ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్షలు చేయాలి. ఎర్రకణాలు పెద్దవిగా ఉండి రెటిక్యులోసైట్లు లేకపోతే ఎఫ్ఈఎల్‌వీ అనుమానం ఇంకా పెరుగుతుంది. గుర్రం రక్తహీనత ఎంతున్నా రెటిక్యులోసైట్లను రక్తంలోకి దాదాపు వదలదు, దాని స్పందన తెలియాలంటే మజ్జే గతి. రొమ్ము ఎముకలో తీస్తారు, సూది లోతు దాటితే గుండె ఉంటుంది కాబట్టి అది అలవాటున్నవాళ్లే చేయాలి. బ్రాకెన్ ఫెర్న్ అనే అడవి మొక్కను ఎక్కువగా మేసిన పశువుల్లో కూడా మూడు వరసలూ ఎండి, ఒళ్లంతా రక్తం చిమ్ముతుంది.

ద్రవం స్లైడ్ల రిపోర్టు ఒకటి రెండు రోజుల్లో రావచ్చు. ఎముక ముక్కలోని కాల్షియాన్ని ముందు కరిగించాలి కాబట్టి దానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మొదటి రిపోర్టు అందగానే అదే చివరి మాట అనుకోకండి, రెండూ కలిపి చదివించండి.

ఈలోగా ఒక పని. మీ రిపోర్టులో మొత్తం తెల్లకణాలు రాశారు, న్యూట్రోఫిల్స్ విడిగా ఎన్నో రాయలేదు. ఆ అంకె కనుక్కోండి. 1,000 లోపు ఉంటే ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎక్కువ, 500 లోపు ఉంటే చాలా ఎక్కువ. ఇతర కుక్కల దగ్గరికి తీసుకెళ్లకండి, పచ్చి మాంసం పెట్టకండి. ఒళ్లు కాలుతున్నట్టు అనిపిస్తే థర్మామీటరు పెట్టి చూడండి. 39.5 డిగ్రీల సెల్సియస్ దాటితే మజ్జ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లండి.